దోమతెర, అరిటాకు, ప్రెషర్ కుక్కర్: చవక శస్త్రపరికరాల సమీక్ష

వేరే పనికి తయారైన వస్తువును శుద్ధి చేసి ఆపరేషన్ బల్ల మీదికి తెచ్చుకోవడం శస్త్రవైద్యంలో మొదటినుంచీ ఉన్నదే. సుశ్రుత సంహిత 101 యంత్రాలనూ 20 శస్త్రాలనూ చెప్పి, వాటన్నిటిలో ముఖ్యమైన యంత్రం వైద్యుడి చెయ్యే అంటుంది. చీలిన పేగు అంచులను పెద్ద నల్లచీమల చేత కరిపించి, తలలను అక్కడే వదిలి మొండేలు తుంచేయమంటుంది. ఈనాటి స్టేప్లర్ చేసేదీ ఆ పనే. చీమకు ఖరీదు లేదు, స్టేప్లర్‌కు ఉంది. ఆ ఖరీదు భరించలేని ప్రపంచం ఎంత పెద్దదో 2015లో లాన్సెట్ కమిషన్ లెక్క తేల్చింది: సురక్షితమైన, అందుబాటు ధరలో ఉన్న శస్త్రచికిత్స దొరకనివాళ్లు 500 కోట్ల మంది, ఏటా అదనంగా జరగాల్సిన ఆపరేషన్లు 14.3 కోట్లు. రెండు గంటల ప్రయాణంలో ఉన్న ఆస్పత్రిలో సిజేరియన్, పొట్ట తెరిచే ఆపరేషన్, చర్మం చీల్చుకుని బయటపడ్డ ఎముకకు చికిత్స, ఈ మూడూ జరగాలన్నది ఆ కమిషన్ పెట్టిన గీటురాయి.

అదే గీటురాయి మీద కోనసీమను చూడవచ్చు. గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న ఈ నేలకు నడిబొడ్డున అమలాపురం ఉంది. అక్కడ ఏరియా ఆస్పత్రి ఉంది, కిమ్స్ వైద్య కళాశాల ఉంది, వీధివీధికీ నర్సింగ్ హోములున్నాయి. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన లేని రోజుల్లో కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లాలంటే రేవులో పంటు కోసం కాచుకోవాల్సిందే, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాల్సిందే. ఆ బెడద తీరింది. అయినా 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాల రోగులకు మళ్లీ పడవే దిక్కయింది. వనరుల కొరత అంటే ఎక్కడో మారుమూల అడవి అనుకోవడం పొరపాటు. వరదరోజున, అర్ధరాత్రి, కరెంటు పోయినప్పుడు, మత్తు డాక్టరు ఊళ్లో లేనప్పుడు పచ్చని డెల్టా కూడా వనరుల్లేని చోటే. పైగా ఇక్కడి గాయాలు ఇక్కడివి: కొబ్బరి దింపు తీయడానికి చెట్టెక్కి జారిపడ్డవారి నడుములు, తొడ ఎముకలు, కొబ్బరి ఒలిచే గునపానికి చీలిన అరచేతులు, బోదకాలు దోమ తెచ్చిపెట్టిన వరిబీజాలు.

ఏ చవక పరికరం కథైనా శుద్ధి దగ్గర మొదలవ్వాలి. నీళ్లు మరిగే 100 డిగ్రీల వేడికి మామూలు క్రిములు చస్తాయి గానీ, ధనుర్వాతాన్నీ గ్యాస్ గాంగ్రీన్‌నూ తెచ్చే బాక్టీరియా బీజాలు గట్టి పెంకు చాటున బతికిపోతాయి. మూత బిగించి ఆవిరి ఒత్తిడిని చదరపు అంగుళానికి 15 పౌన్లకు పెంచితే వేడి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో విడి సామాను 15 నుంచి 20 నిమిషాలు, గుడ్డలో చుట్టిన మూటలు అరగంట ఉంటే బీజాలు కూడా మిగలవు. ఆటోక్లేవ్ అనే పెద్ద పేరున్న యంత్రం చేసేది ఇంతే. వంటింటి ప్రెషర్ కుక్కర్ పనిచేసేదీ ఇంచుమించు ఆ ఒత్తిడిలోనే. అందుకే చిన్న ఆస్పత్రుల్లో కుక్కర్ చాలా కాలం కత్తెరలనూ ఫోర్సెప్స్‌నూ కాచింది. అయితే అందులో రెండు మోసాలున్నాయి. లోపలి గాలి పూర్తిగా పోకముందే వెయిట్ పెడితే ఒత్తిడి వస్తుంది గానీ వేడి రాదు. ఆవిరి తెంపులేకుండా ధారగా వచ్చేదాకా ఆగాలి. రెండోది తడి. కుక్కర్‌కు ఆరబెట్టే ఏర్పాటు లేదు. తడిసిన గుడ్డమూట బయటి క్రిములను దీపపు వత్తి నూనెను పీల్చినట్టు లోపలికి పీలుస్తుంది. పప్పు ఉడికిందో లేదో మెదిపి చూస్తే తెలుస్తుంది. కత్తెర శుద్ధి అయిందో లేదో కంటికి కనపడదు. రంగు మారే టేపు కూడా వేడి తగిలిందని చెబుతుందే తప్ప బీజాలు చచ్చాయని చెప్పదు. దానికి బీజాలున్న పరీక్షపట్టీనే సామానుతో పాటు లోపల పెట్టి, తర్వాత అవి మొలకెత్తుతాయేమో చూడాలి. చవక అన్నది వస్తువు ధరలో ఉండవచ్చు. శుద్ధిలో ఉండకూడదు.

ఈ రంగంలో అన్నిటికంటే బాగా పరీక్షకు నిలిచిన వస్తువు దోమతెర. గజ్జల్లో హెర్నియాకు పాతపద్ధతిలో కండరాలను లాగి బిగించి కుట్టేవారు. నొప్పి ఎక్కువ, కుట్టు జారి హెర్నియా తిరిగి రావడమూ ఎక్కువే. 1980లలో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ బృందం లాగకుండా, పైన ప్లాస్టిక్ వల పరిచి కుట్టే పద్ధతిని స్థిరపరిచింది. పద్ధతి సులువైనదే, వల ధరే పల్లెటూరి రోగికి అందలేదు. మహారాష్ట్రలో ధూళే జిల్లా దొండాయిచా అనే చిన్న ఊళ్లో సర్జన్‌గా ఉన్న రవీంద్రనాథ్ టోంగాంవ్‌కర్‌కు కంపెనీ వలకూ దోమతెర గుడ్డకూ పోలిక కనిపించింది. ఆయన పోలికతో సరిపెట్టుకోలేదు. గుడ్డను ప్రయోగశాలలో పరీక్ష చేయించారు. అది పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్ కలిసిన పదార్థమని తేలింది. తర్వాత పలు ఊళ్ల సర్జన్లతో కలిసి వాడి చూసి, 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ఫలితాలు ప్రచురించారు. 2006లో బుర్కినా ఫాసోలో నైలాన్ దోమతెరను కంపెనీ వలతో పోల్చి చూశారు. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఉగాండా అధ్యయనం అన్నిటికంటే గట్టిది: 302 మంది మగవారిలో కొందరికి చవక వల, కొందరికి కంపెనీ వల. ఏడాది తర్వాత చూస్తే చవక వల వేసినవారిలో ఒక్కరికి హెర్నియా తిరిగి వచ్చింది, రెండో వర్గంలో ఎవరికీ రాలేదు. మిగతా ఇబ్బందులు రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానం. ఒక్కో ఆపరేషన్‌కు 10 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్ల ముక్క సరిపోతుంది. చదరపు మీటరు గుడ్డలో అరవైకి పైగా ముక్కలొస్తాయి.

అలాగని అంగట్లో దొరికిన ప్రతి దోమతెరా పనికిరాదు. దోమలమందు పట్టించిన తెరను ఒంట్లో పెట్టకూడదు. పాలీఎథిలీన్ గుడ్డ 121 డిగ్రీల శుద్ధికి ఆగుతుంది గానీ, ఆధునిక ఆటోక్లేవ్‌లు త్వరగా పని ముగించడానికి వాడే 134 డిగ్రీలకు ముడుచుకుపోతుంది. గుడ్డ పేరు ఒకటే అయినా పోగు పదార్థం మిల్లు మిల్లుకూ మారుతుంది. ఒక థాను పరీక్ష నెగ్గితే పక్క థాను నెగ్గినట్టు కాదు.

కోనసీమకు దోమతెరతో ఇంకో బంధుత్వం ఉంది. గోదావరి జిల్లాలు బోదకాలుకు పాత నెలవులు. తెర లేకుండా పడుకున్నవాడిని కుట్టిన క్యూలెక్స్ దోమ వరిబీజం తెస్తుంది. గజ్జల్లో వచ్చిన హెర్నియాను అదే తెర ముక్క బాగుచేస్తుంది. ఈ రెండు వాపులనూ వేరుచేసే పరికరం టార్చిలైటు. చీకటి గదిలో వాపు వెనక లైటు పెడితే నీరు నిండిన వరిబీజం ఎర్రగా వెలుగుతుంది, పేగు దిగిన హెర్నియా వెలగదు. ఏళ్ల తరబడి ముదిరి తోలు మందమైన వరిబీజం కూడా వెలగకపోవచ్చు. అక్కడ లైటును నమ్ముకుంటే కత్తి పేగు మీద పడుతుంది. వరిబీజం ఆపరేషన్‌కు వల అక్కరలేదు, పెద్ద యంత్రాలూ అక్కరలేదు. ఆ చోట మొద్దుబారడానికి ఇంజక్షన్, నాలుగు పనిముట్లు, శుభ్రమైన చేతులు చాలు. 2004లో మొదలైన కార్యక్రమంలో ప్రభుత్వం ఊరూరా పంచిన డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు కొత్త కేసులను తగ్గించడానికే. ఉన్న వరిబీజం మాత్రకు తగ్గదు.

కుట్టు దారం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చేపల గాలానికి కట్టే టంగూసు నైలాన్ దారమే. కంపెనీ అమ్మే నైలాన్ కుట్టు దారమూ ఒంటిపోగు నైలానే. 2004లో రువాండాలో జరిగిన పోలిక అధ్యయనం చర్మం లోపలి కుట్టుకు టంగూసు సరిపోతుందని చూపింది. కంపెనీ దారంలో సగం గొప్ప సూదిలో ఉంది: దారం సూది చివర నునుపుగా అతుక్కుని ఉంటుంది. బెజ్జం ఉన్న సూదిలో టంగూసు ఎక్కించి రెండు పేటలుగా లాగితే కండ చిరుగుతుంది. నైలాన్ గట్టిది, జారుడుది కూడా. ముడి మీద ముడి వేయకపోతే విప్పుకుంటుంది.

కాలిన గాయాల దగ్గర అరిటాకు నిలబడుతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు; కాలినవారిని అమలాపురం, కాకినాడ ఆస్పత్రులకు తరలించారు. అలాంటి రోజున పదుల మందికి ఒకేసారి కట్లు కట్టాలి, అవి వారాలపాటు మార్చాలి. కాలిన ఒంటికి కట్టు విప్పడమే పెద్ద నరకం. గాజుగుడ్డ ఆరి పుండుకు అంటుకుంటుంది, లాగితే కొత్తగా వచ్చిన పలచటి చర్మం దానితో పాటే ఊడొస్తుంది. ముంబయిలో మనోహర్ కేస్వాని 1980లలో ఉడికించిన బంగాళదుంప తొక్కలను గుడ్డకు అతికించి కట్టుగా వాడారు. తర్వాత సయన్ ఆస్పత్రిలో మాధురీ గోరే బృందం అరిటాకును తీసుకుంది. ఆకును ముక్కలుగా కోసి, గుడ్డకు అతికించి, చుట్టగా చుట్టి ఆటోక్లేవ్‌లో శుద్ధి చేస్తారు. ఆకు మీది మైనపు పొర వల్ల కట్టు పుండుకు అంటదు, తడి నిలుస్తుంది, చల్లగా ఉంటుంది. పైపైన కాలిన గాయాలకు తొక్క కట్టూ ఆకు కట్టూ ఒకేలా పనిచేశాయనీ, ఆకు తయారీ తేలికనీ చవకనీ 2003లో ఆ బృందం ప్రచురించింది. చర్మం అతకడానికి తొడ మీద నుంచి తీసిన చోట కూడా ఈ కట్టు వాడారు. రావులపాలెం అరటి మార్కెట్టుకు గెలలు వచ్చే తోటల్లో ఆకుకు కొరత లేదు. ఆ ఆకు వేల మంది విస్తళ్లకు పోతుంది. పుండు మీదికి పోవడానికి మధ్యలో కావాల్సింది ఒక ఆటోక్లేవ్, దానికి కరెంటు, కట్టు తయారుచేయడం నేర్చిన ఒక నర్సు. లోతుగా కాలిన గాయానికి ఆకు చాలదు, చర్మం అతకాల్సిందే.

తేనె మాట కూడా ఇక్కడే. సోలాపూర్ వైద్య కళాశాలలో ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది కాలినవారిలో తేనెను సిల్వర్ సల్ఫాడయజీన్ పూతతో పోల్చి 1991లో బ్రిటిష్ సర్జరీ పత్రికలో ప్రచురించారు. తేనె వర్గంలో పుళ్లు త్వరగా మానాయి. ఆ తర్వాత పుండుకు వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేసి అమ్మే పద్ధతి వచ్చింది, తేనెలో బాక్టీరియా బీజాలుండే అవకాశం ఉంది కాబట్టి. సంతలో సీసా తేనెకు ఆ అర్హత లేదు.

కాన్పు తర్వాత గర్భసంచి ముడుచుకోక రక్తం ఆగనప్పుడు నిమిషాలతో పని. 2000 ప్రాంతంలో ఢాకా వైద్య కళాశాలలో సయేబా అఖ్తర్ కండోమ్‌ను రబ్బరు కెథెటర్‌కు దారంతో కట్టి, గర్భసంచిలోకి పంపి, 200 నుంచి 500 మిల్లీలీటర్ల సెలైన్‌తో ఉబ్బించారు. లోపలినుంచి గోడలు నొక్కుకుని రక్తం ఆగింది. 2003లో ప్రచురించిన మొదటి 23 మందిలోనూ ఫలితం కనిపించింది. అప్పటినుంచి ఈ పద్ధతి ఆసియా, ఆఫ్రికా కాన్పుగదుల్లో వ్యాపించింది. దీనికి తిరగేసిన ఆలోచన మన దేశంలో పుట్టింది. ఉబ్బించి నొక్కడం కాదు, పీల్చి ముడుచుకునేలా చేయడం. రంధ్రాలున్న గొట్టాన్ని గర్భసంచిలో పెట్టి సక్షన్ యంత్రానికి తగిలిస్తే లోపల పోగైన రక్తం బయటికొచ్చి గోడలు దగ్గరపడతాయి. సమర్థ్‌రామ్, పణిక్కర్ తదితరులు 2014లో దీన్ని వివరించారు. గర్భసంచి సహజంగా చేసే పని ముడుచుకోవడమే కనుక తర్కానికి ఈ రెండోదే బలంగా ఉంది. కరెంటు లేని చోట మాత్రం కండోమే నయం.

కారిన రక్తాన్ని తిరిగి ఎక్కించడం ఇంకా పాత ఉపాయం. గర్భం ట్యూబులో నిలిచి పగిలినప్పుడు పొట్టలో లీటర్ల కొద్దీ రక్తం చేరుతుంది. శుద్ధి చేసిన గరిటెతో దాన్ని తోడి, మడతలు పెట్టిన గాజుగుడ్డ గుండా గిన్నెలోకి వడకట్టి, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి అదే మనిషికి ఎక్కిస్తారు. గ్రూపు కలపాల్సిన పని లేదు, అంటురోగం భయం లేదు. పేగు చిల్లుపడినా చీము ఉన్నా వాడకూడదు. బ్లడ్ బ్యాంకుల నియంత్రణపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత లైసెన్సు లేని చోట దాత నుంచి నేరుగా రక్తం తీసి ఎక్కించే దారి మూసుకుంది. తీర్పు ఉద్దేశం రక్తం వ్యాపారాన్ని ఆపడం, అది న్యాయమే. గ్రామీణ సర్జన్ల సంఘం మాత్రం బ్యాంకు లేని ఊళ్లో ఆ నిబంధన ప్రాణాలు తీస్తోందని వాదిస్తూ వచ్చింది. ఈ వాదనలో న్యాయం రెండు వైపులా ఉంది. గరిటె, గాజుగుడ్డ మాత్రం ఈ వివాదంలోకి రావు. రోగి రక్తం రోగిదే.

కోనసీమలో తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది: సెలైన్ లేకపోతే కొబ్బరినీళ్లు ఎక్కించవచ్చా? కాయలోపలి నీరు క్రిములు లేనిదే. 1954లో బెన్ ఐస్‌మన్ దీని మీద శాస్త్రీయంగా రాశారు. 2000లో సోలమన్ దీవుల్లో వేరే దారి లేక ఒక రోగికి ఎక్కించిన సంగతీ వైద్య పత్రికకు ఎక్కింది. కానీ రక్తంలో సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. కొబ్బరినీళ్లలో సరిగ్గా తలకిందులు. రక్తం పోయి కిడ్నీలు మందగించిన మనిషికి అంత పొటాషియం ఎక్కిస్తే గుండె ఆగవచ్చు. అంబాజీపేట మార్కెట్టులో ఎన్ని కాయలున్నా అవి తాగడానికే.

మత్తు విషయంలో తెలుగునేలకు ఒక పాత పాఠం ఉంది. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ గుడ్డ మీద చుక్కలు చుక్కలుగా క్లోరోఫాం వేసి మత్తిచ్చేవారు. అంతకంటే చవక మత్తు లేదు. అది గుండెకు ముప్పు తేదని నిరూపించడానికి నిజాం ఖర్చుతో 1888లో, 1889లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జంతువుల మీద పరీక్షలు చేశాయి. ప్రమాదమంతా ఊపిరి ఆగడంలోనే ఉంది, గుండెలో లేదు అని తేల్చాయి. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ తీర్పు తప్పని చూపారు: తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదు. పరీక్ష జరగడం వేరు, సరైన పరీక్ష జరగడం వేరు. ఇప్పుడు చిన్న ఆస్పత్రికి అండ కెటమిన్. ఊపిరినీ బీపీనీ పెద్దగా పడిపోనివ్వదు. దానికి తోడుగా వేలికి తగిలించే ఆక్సీమీటరు ఉండాలి. 2011లో మొదలైన లైఫ్‌బాక్స్ సంస్థ పేద దేశాల ఆపరేషన్ గదులకు గట్టి, చవక ఆక్సీమీటర్లు చేరవేసేది ఇందుకే.

దింపు కోసం ఎక్కి జారినవాడి పక్కటెముక విరిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే, గొట్టం ఒక చివర ఛాతీలో, రెండో చివర సీసా నీళ్లలో రెండు సెంటీమీటర్లు మునిగేలా పెడతారు. గాలి బుడగలై బయటికి పోతుంది, తిరిగి రాలేదు. సీసాను మంచం కంటే ఎత్తుకు లేపితే నీళ్లు ఛాతీలోకి వెనక్కి పోతాయి. రోగిని తరలించేటప్పుడు ఈ పొరపాటు జరగకుండా చూడాలి. విరిగిన తొడ ఎముకకు 1999లో ల్యూయిస్ జిర్కిల్ మొదలుపెట్టిన సైన్ సంస్థ మేకు ఉంది. ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే తీసే సీ-ఆర్మ్ లేకుండానే దాన్ని దించి మరలు బిగించవచ్చు. వడ్రంగి డ్రిల్లును ఎముకకు వాడటం చాలా దేశాల్లో జరిగింది. డ్రిల్లును ఆటోక్లేవ్‌లో పెడితే మోటారు పోతుంది. వాంకూవర్‌లోని ఆర్బ్యూటస్ సంస్థ శుద్ధి చేయగల సంచీ కుట్టి డ్రిల్లును అందులో దూర్చింది; కొన మాత్రమే బయటికొస్తుంది. డ్రిల్లు చవక, సంచీయే అసలు పరికరం. పొట్ట మూయలేనంత ఉబ్బినప్పుడు 1984లో బొగోటాలో ఓస్వాల్డో బొరాయెస్ సెలైన్ సంచీని కత్తిరించి పైన కుట్టారు. ఆ ఊరి పేరే ఆ సంచీకి నిలిచింది.

పరికరాన్ని ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి కుదుర్చుకోవడం ఒక మెట్టు; దేశంలోనే చవకగా తయారుచేయడం తర్వాతి మెట్టు. మధురైలో అరవింద్ ఆస్పత్రి వారి ఆరోల్యాబ్ 1992లో కంటి లెన్సుల తయారీ మొదలుపెట్టి, వంద డాలర్ల ధర పలికే వస్తువును పది డాలర్ల లోపుకు దించింది. 1998లో డి.ఆర్.డి.ఓ. శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి తెచ్చిన కలాం-రాజు స్టెంటు దిగుమతి స్టెంటుకు పోటీ అయింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటు ధరను 29,600 రూపాయలకు, పూతలేని దాన్ని 7,260 రూపాయలకు కట్టడి చేసింది. ధర తగ్గించడానికి కొత్త వస్తువు కనిపెట్టడమొకటే మార్గం కాదని ఆ ఒక్క ఉత్తర్వు చూపింది. 2018లో విశాఖపట్నంలో ఆరంభమైన మెడ్‌టెక్ జోన్ సుమారు 270 ఎకరాల్లో వైద్యపరికరాల తయారీకి ఏర్పడింది. కోనసీమకు అదేమంత దూరం కాదు.

చట్టం ఇంట్లో తయారైన పరికరాన్ని గుర్తించదు. వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి దాదాపు అన్ని పరికరాలూ మందుల చట్టం కిందికి వచ్చాయి. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. కాబట్టి దోమతెర వేసిన సర్జన్ ఆ సంగతి రోగికి చెప్పి, ఒప్పుకోలు రాయించుకుని, కేసు షీటులో నమోదు చేయాలి. రోగికి చెప్పలేని పరికరం వాడకపోవడమే మంచిది.

ఇందులో చెప్పినవన్నీ ఆపరేషన్ గదిలోవి, ఇంటివి కావు. ఇంట్లో ఎవరైనా కాలితే పెరటి అరిటాకు, తేనె, పేస్టు ఏదీ రాయవద్దు; 20 నిమిషాలపాటు చల్లటి మంచినీళ్లు ధారగా పోసి, ఉతికిన గుడ్డ వదులుగా కప్పి, 108కి ఫోన్ చేయండి.